‘ఇలా పక్కకు రండి’: తనిఖీ మాటలకు వ్యాఖ్యానం

విమానాశ్రయంలో భద్రతా సిబ్బంది, సరిహద్దు అధికారులు వాడే మాటలు కొన్నే. ఏ దేశంలో దిగినా దాదాపు అవే వినిపిస్తాయి, వినడానికి మర్యాదగానే ఉంటాయి. ఒకే మాట ఒకరికి అయిదు నిమిషాల ఆలస్యంతో ముగుస్తుంది, చామనఛాయ మనిషికో నల్లటి మనిషికో గంటల తరబడి విచారణ అవుతుంది. ఎందుకో తెలియాలంటే ఆ మాటల వెనక ఉన్న చట్టాన్నీ యంత్రాంగాన్నీ చూడాలి. బోర్డింగ్ పాస్ దగ్గర మొదలుపెట్టి, ప్రయాణికుడికి ఎదురయ్యే వరసలోనే వాటిని తీసుకుంటున్నాను.

నాలుగు ఎస్‌లు: అమెరికా వెళ్లే విమానాల బోర్డింగ్ పాస్ మీద ఒక్కోసారి ‘ఎస్ ఎస్ ఎస్ ఎస్’ అని అచ్చవుతుంది. అదనపు తనిఖీకి ఎంపిక చేసిన మనిషి అని దానర్థం. సామాను విప్పి చూస్తారు, ఒళ్లు తడుముతారు, అరచేతులు తుడిచి పేలుడు పదార్థాల ఆనవాళ్ల కోసం పరీక్షిస్తారు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, అదే ఏడాది నవంబర్‌లో చట్టం చేసి ఏర్పాటుచేసిన రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ దీన్ని నడుపుతుంది. ఆ గుర్తు ఎందుకు పడిందో కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పరు. సోదాను ఎవరైనా ఓర్చుకుంటారు. కారణం అడిగే వీలే లేని సోదా మనిషిని లోపల కుంగదీస్తుంది. ఈ వ్యాఖ్యానమంతా ఆ చెప్పని కారణం గురించే.

రాండమ్: ఎవరినీ ఉద్దేశించకుండా తీశాం అని భావం. నిజంగా అలా తీసేవీ ఉన్నాయి. ముందుగా ఊహించలేని తనిఖీ ఉంటేనే హాని తలపెట్టినవాడు జంకుతాడన్న వాదనలోనూ పస ఉంది. చిక్కేమిటంటే, ఎంపిక ఎలా జరిగిందో బయటివాళ్లు సరిచూసుకునే దారి లేదు. షారుక్ ఖాన్‌ను 2009లో నెవార్క్‌లో ఆపి ప్రశ్నించారు. 2012లో న్యూయార్క్ దగ్గర, 2016లో లాస్ ఏంజిలిస్‌లో మళ్లీ ఆపారు. 2010 డిసెంబర్‌లో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ విమానాశ్రయంలో, చీరకట్టులో ఉన్న భారత రాయబారి మీరా శంకర్‌ను వరసలోంచి వేరుచేసి తడిమి చూశారు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంను 2011 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో, విమానమెక్కి కూర్చున్నాక కోటూ బూట్లూ అడిగి తీసుకుని పరీక్షించారు. అమెరికా తర్వాత విచారం తెలిపింది. వీళ్లు పేరున్నవాళ్లు కాబట్టి వార్త అయింది. కరీంనగర్ నుంచో కడప నుంచో వెళ్లిన మనిషికి ఇదే జరిగితే రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోవడంతో సరి.

పేరు: మన దగ్గర షేక్, సయ్యద్, మొహమ్మద్ అనే మాటల్లో ఏదో ఒకటి లేని ముస్లిం ఇల్లు అరుదు. పాస్‌పోర్టులో ఆ మాట ఒకరికి ముందు వస్తుంది, ఇంకొకరికి చివర వస్తుంది, మరొకరికి పొట్టి అక్షరాల్లో ఉంటుంది. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకే పేరు నాలుగైదు స్పెల్లింగులుగా విడిపోతుంది. నిఘా జాబితాతో పోల్చి చూసే కంప్యూటర్‌కు దగ్గరి పోలిక ఉంటే చాలు. పుట్టిన తేదీ, లింగం కూడా ముందే తీసుకోవడం మొదలయ్యాక పొరపాట్లు తగ్గాయి గానీ పోలేదు.

ఇక ఆ జాబితాలోకి పేరు ఎక్కడం ఎంత తేలికో రహీనా ఇబ్రహీం కేసు చూస్తే తెలుస్తుంది. మలేషియా నుంచి వచ్చి స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఆమెను 2005 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో బేడీలు వేసి తీసుకెళ్లారు. అప్పటికి ఆమె చక్రాల కుర్చీలో ఉంది. ఎఫ్‌బీఐ ఉద్యోగి ఒకరు ఫారంలో తప్పు గడిలో గుర్తు పెట్టడమే దీనంతటికీ మూలమని 2014 నాటి కోర్టు తీర్పుతో లోకానికి తెలిసింది. అంతవరకూ ప్రభుత్వం దాన్ని రహస్యమంటూ వచ్చింది. ఒక గుమస్తా పొరపాటును తొమ్మిదేళ్లు కాపాడిన రహస్యం అది. నాకు కోపం తెప్పించేది పొరపాటు కాదు, ఆ కాపలా.

ప్రవర్తన: ‘మీ తీరు అనుమానంగా ఉంది’ అనే మాటకు ఆధారం చాలా తక్కువ. ముఖం చూసి, నడక చూసి ప్రమాదకరమైన మనిషిని పసిగట్టే పథకం మీద టీఎస్ఏ 2007 నుంచి సుమారు 90 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే జీఏఓ 2013లో దాన్ని పరిశీలించింది. ప్రవర్తన చూసి అబద్ధాన్ని పట్టగల శక్తి గుడ్డిగా ఊహించడంతో సమానమో, దానికన్నా కాస్త మెరుగో మాత్రమేనని తేల్చింది. రుజువు లేదు కాబట్టి నిధులు తగ్గించమంది.

ప్రొఫైల్: వివాదమంతా దీని చుట్టూనే. ఫలానా నేరం చేసేవాళ్లు ఫలానా లక్షణాలతో ఉంటారని ముందే గీసుకున్న రూపం ఇది. టికెట్ ఎలా కొన్నారు, ఎటునుంచి వస్తున్నారు అనే వివరాలతో గీస్తే ఒకలా ఉంటుంది. అందులోకి ఒంటి రంగు, పుట్టుక చేరగానే స్వభావమే మారిపోతుంది, ఎందుకంటే మనిషి తన టికెట్ మార్చుకోగలడు, చర్మం మార్చుకోలేడు.

2018లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విమానాశ్రయంలో ఎంపాంజు బమెంగా అనే నల్లజాతి వ్యక్తిని సరిహద్దు దళం తనిఖీకి ఆపింది. అప్పట్లో ఆయన అదే ఊరి నగర మండలి సభ్యుడు. ఆమ్నెస్టీ వంటి సంస్థలతో కలిసి కోర్టుకెళ్లాడు. రూపం ఒక్కటే కారణం కాకుండా మిగతా వాటితో కలిపి చూస్తే తప్పులేదని 2021లో కింది కోర్టు అంది. 2023 ఫిబ్రవరి 14న హేగ్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. పది కారణాల్లో ఒకటిగా కూడా జాతిని వాడకూడదంది. ఆ దేశ పౌరుల్లో ఎంతోమంది తెల్లవాళ్లు కారు, అలాంటప్పుడు రంగు చూసి పరదేశి అని ఎలా అనుకుంటారు?

అంతకు ముందే బ్రిటన్‌లో ఇంకో తీర్పు వచ్చింది. 2001లో బ్రిటిష్ అధికారులు ప్రాగ్ విమానాశ్రయంలోనే మకాం వేసి, తమ దేశానికి బయల్దేరేవాళ్లను అక్కడే వడగట్టారు. శరణు కోరతారన్న భయంతో రోమా జాతివాళ్లను ఎక్కువసేపు, ఎక్కువ లోతుగా ప్రశ్నించారు. మిగతా చెక్ పౌరులతో పోలిస్తే రోమా వ్యక్తిని తిప్పిపంపే అవకాశం 400 రెట్లు ఎక్కువని లెక్క తేలింది. 2004 డిసెంబర్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అది జాతి వివక్షేనని తీర్పిచ్చింది. ఆ గుంపులో శరణు కోరేవాళ్లు ఎక్కువన్నది నిజమైనా సరే, ఎదురుగా నిలబడ్డ మనిషిని మనిషిగా చూడాల్సిందే. నేను నమ్మే న్యాయం ఇదే.

సహేతుక అనుమానం: వీధిలో పోలీసు ఆపాలంటే చాలా దేశాల్లో ఇది ఉండాలి. సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి చట్టం దీన్ని పక్కనబెట్టింది. 1976లో మార్టినెజ్-ఫ్యూర్టే కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కాలిఫోర్నియాలో సరిహద్దుకు దాదాపు వంద కిలోమీటర్ల లోపల ఉన్న సాన్ క్లెమెంటే చెక్‌పోస్టు గురించి మాట్లాడుతూ, మెక్సికన్ రూపమే ప్రధాన కారణంగా కారును పక్కకు పంపినా రాజ్యాంగం అడ్డురాదంది. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద చట్టం ఏడో షెడ్యూలు కింద ఏ అనుమానమూ లేకుండానే రేవులో, విమానాశ్రయంలో మనిషిని ఆపవచ్చు. మొదట గరిష్ఠ కాలం తొమ్మిది గంటలు, 2014 చట్టంతో ఆరు గంటలకు తగ్గించారు. జవాబు చెప్పకపోవడమే నేరం. అధికారి కారణం చూపాల్సిన అవసరం పోయాక ఆ ఖాళీని అతని మనసులో ముందే ఉన్న భయాలు నింపుతాయి. చెడ్డ అధికారి వల్లే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. మంచివాడి చేత కూడా ఈ చట్టం అదే చేయిస్తుంది.

సెకండరీ: ఇది అమెరికా చదువులకు వెళ్లే మన పిల్లలకు బాగా తెలిసిన మాట. మొదటి కౌంటర్‌లో పాస్‌పోర్టు తీసుకుని లోపలి గదికి పంపడాన్ని అలా అంటారు. ఫోన్ అడుగుతారు, చాట్‌లు చదువుతారు, బ్యాంకు బ్యాలెన్స్ గురించి అడుగుతారు. లాయర్ కోసం పట్టుబట్టే హక్కు అక్కడ ఉండదు. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని రెండు విద్యాసంస్థలకు బయల్దేరిన విద్యార్థుల్లో కొందరిని అమెరికా వెనక్కి పంపేసింది. దాంతో 19 మందిని హైదరాబాద్‌లోనే విమానం ఎక్కనివ్వలేదు. తప్పుడు కాగితాలతో వెళ్లినవాళ్లూ ఉండొచ్చు, వాళ్లను సమర్థించను. కానీ ఎవరో ఒకరు చేసిన మోసానికి, అదే ఊరి నుంచి, అదే యాసతో, నిజమైన ఐ-20 (విద్యాసంస్థ ఇచ్చే ప్రవేశ పత్రం) పట్టుకొచ్చిన పిల్ల ఎందుకు జవాబు చెప్పాలి? తిప్పిపంపే పద్ధతుల్లోనూ తేడా ఉంది. ‘ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్’ అయితే మామూలుగా అయిదేళ్ల నిషేధం. ప్రవేశం కోరిన దరఖాస్తును ఉపసంహరించుకోనిస్తే దానంతటది నిషేధం తేదు. సంతకం పెట్టే ముందు ఏ కాగితమో చదవాలి, అర్థం కాకపోతే తెలుగు దుబాసీని అడగాలి.

‘పక్కా ఇండియనేనా?’: ఈ మాట పరాయి దేశానిది కాదు. 2016 జులైలో ఢిల్లీ విమానాశ్రయంలో భారత పాస్‌పోర్టు పట్టుకున్న మణిపూర్ యువతిని ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగిన ప్రశ్న. దేశంలో ఎన్ని రాష్ట్రాలున్నాయో చెప్పమన్నారని కూడా ఆమె రాసింది. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ క్షమాపణ చెప్పారు. 2018 జనవరిలో, పదో తరగతి దాటని గల్ఫ్ కూలీలు ఎక్కువగా వాడే ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టులకు నారింజ రంగు అట్ట వేస్తామని కేంద్రం ప్రకటించింది. విమర్శలొచ్చాక ఆ నెలలోనే విరమించుకుంది. నెవార్క్‌లో మనకు జరిగినదాన్ని అన్యాయమనే నోరు ఢిల్లీలో జరిగినదాన్నీ అలాగే అనాలి.

రిడ్రెస్ నంబర్: పదేపదే ఆపుతుంటే అమెరికాలో డీహెచ్ఎస్ ట్రిప్ అనే కార్యక్రమం కింద దరఖాస్తు చేసి ఈ నంబర్ తీసుకోవచ్చు. టికెట్ కొనేటప్పుడు దాన్ని నింపితే పేరు పోలిక వల్ల వచ్చే ఇబ్బంది తగ్గుతుంది. ఒకప్పుడు జవాబు ఉత్తరంలో మీరు జాబితాలో ఉన్నారనీ లేరనీ రాసేవారు కాదు. విమానమెక్కనివ్వని జాబితా విషయంలో ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2014లో ఓరెగాన్ ఫెడరల్ కోర్టు అన్నాక, అమెరికా పౌరులకూ స్థిరనివాసులకూ మాత్రం చెప్పడం మొదలుపెట్టారు. వీసా మీద వెళ్లేవారికి ఆ మాత్రమూ దక్కలేదు.

అయినా దరఖాస్తు చేయండి. పైన చెప్పినవాటిలో ప్రయాణికుల పక్షాన వచ్చిన తీర్పులన్నీ ఎవరో ఒకరు ఊరుకోకుండా కాగితం పెట్టడం వల్ల వచ్చినవే. మిమ్మల్ని ఆపిన తేదీ, సమయం, కౌంటర్, అడిగిన ప్రశ్నలు ఆ రోజే రాసి ఉంచండి.