జెఫ్రీ హోల్డర్: కుంచె నడిపిన రంగస్థలం

జెఫ్రీ హోల్డర్ (1930–2014) గురించిన వ్యాసాలది దాదాపు ఒకటే మూస. నటుడు, నర్తకుడు, చిత్రకారుడు, దర్శకుడు అని బిరుదుల దండకం చదివి, చివరికి ‘లివ్ అండ్ లెట్ డై’ (1973)లోని బేరన్ సామెడీ వేషం దగ్గరో, సెవెనప్ ప్రకటనల్లోని ఆ గంభీరమైన నవ్వు దగ్గరో ఆగిపోతాయి. దీని వెనకున్నది సినీ చరిత్రకారుల దృష్టి. అన్నిట్లో వేలు పెట్టాడు గనక దేన్లోనూ శిఖరం అందుకోలేదని వాళ్ళ తీర్మానం. తెర మీద కనిపించిన నిమిషాలను లెక్కపెట్టి మనిషిని తూచే ఈ పద్ధతితో నాకు పేచీ. హోల్డర్‌ది మొదటినుంచీ ఒకటే కళ, చిత్రలేఖనం. తక్కినవన్నీ దాని కొమ్మలే.

ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో బొమ్మలూ నాట్యమూ అతనికి అన్న బాస్కో దగ్గరే అబ్బాయి. బాస్కో లండన్ వెళ్ళాక అతని నాట్య బృందం తమ్ముడి చేతికొచ్చింది. 1952లో వారి ప్రదర్శన చూసి అమెరికన్ నృత్య దర్శకురాలు ఆగ్నెస్ డి మిల్ న్యూయార్క్ రమ్మంది. ఆ ప్రయాణానికి డబ్బు పుట్టింది తన చిత్రాలు అమ్మితేనే. తర్వాత గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చిందీ చిత్రలేఖనానికే.

అసలు సాక్ష్యం ‘ద విజ్’ (1975), ‘విజర్డ్ ఆఫ్ ఓజ్’ కథతో వచ్చిన సంగీత నాటకం. బ్రాడ్‌వేకి రాకముందే దర్శకుడు గిల్బర్ట్ మోసెస్ తప్పుకోవలసి వచ్చింది. అప్పటికే దుస్తులు చూస్తున్న హోల్డర్ దర్శకత్వమూ భుజాన వేసుకున్నాడు. సుడిగాలి కోసం యంత్రాలు తెప్పించలేదు. నల్లటి బట్ట గిరగిరా తిప్పే నర్తకే సుడిగాలి అయింది. పసుపు ఇటుకల బాట కూడా అంతే, దుస్తుల్లో నడిచే నర్తకులే బాట. అంటే బట్టే తెర, బట్టే కథ. ట్రినిడాడ్ కార్నివాల్ వీధిలో వేషం కట్టడం చూసి పెరిగినవాడికే ఇది తడుతుంది. ఆ నాటకానికి వచ్చిన ఏడు టోనీ అవార్డుల్లో దర్శకత్వానికీ దుస్తులకూ వచ్చినవి రెండూ ఇతనివే. నృత్యాలు జార్జ్ ఫైసన్‌వి, నిజమే.

హెక్టర్ ఇపోలిట్ అనే హైతీ చిత్రకారుడి మీద ‘ప్రాడిగల్ ప్రిన్స్’ అనే నృత్య రూపకం చేసినప్పుడు నృత్యం, సంగీతం, దుస్తులు మూడూ తనే చూసుకున్నాడు. చిత్రకారుడి కథను ఇంకొకరి చేతికి ఎందుకిస్తాడు? హోల్డర్ పనినంతా చిత్రలేఖనం నుంచే చూడాలని నేననేది ఇందుకే.

డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ కోసం 1974లో చేసిన ‘డౌగ్లా’కి వస్తువు ఆఫ్రికన్, భారతీయ రక్తాలు కలిసిన ట్రినిడాడ్ ప్రజల పెళ్ళి వేడుక. ఆ దీవికి మద్రాసు రేవు నుంచి కూలికి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మన వలస చరిత్రకారులు ఓడల పట్టికలు తిరగేస్తారు గానీ ఈ బాలే వైపు చూడరు.