వలస

ఆమదాలవలస, కొత్తవలస, పాలవలస... ఉత్తరాంధ్రలో ‘వలస’తో ముగిసే ఊళ్లు ఎన్నో. ఆమదాలవలస పేరులో ఆమదం కనబడుతూనే ఉంది, చివరి మాట సంగతి వేరు. శత్రుసేనకు జడిసి ఊరు విడిచి పారిపోవడమే ‘వలస’ అని బ్రౌన్ నిఘంటువు చెబుతుంది. అలా వచ్చినవాళ్లు పాకలు వేసుకుని కుదురుకున్న చోటుకూ అదే పేరు నిలిచింది. ఇవాళ ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో సంచులు సర్దుకుని చెన్నై బండి ఎక్కే కూలీలకూ అదే మాట.

జడుపు లేని వలస కూడా ఒకటుంది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి బతుకంతా పర్లాకిమిడితో పెనవేసుకుంది. పాఠాలు చెప్పిందీ, సవర భాష నేర్చిందీ అక్కడే. తెలుగువాళ్లు అంతమంది ఉన్న ఆ ఊరిని ఒడిశాలో కలపొద్దని గట్టిగా వాదించారు. మాట చెల్లలేదు. 1936 ఏప్రిల్ 1న, కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజునే, 72 ఏళ్ల వయసులో ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన్నెవరూ తరమలేదు. ఒప్పుకోలేనిదాన్ని ఒప్పుకున్నట్టు నటించలేదు, అంతే.

‘వలసొచ్చినోళ్లు’ అని ఎవరినైనా చులకన చేసేముందు ఆ ప్రయాణాన్ని ఒక్కసారి తలుచుకోండి.