నల్లగొండ సీమలో సామూహిక ఆరాధన – విశ్వాస వికాసం

తెలుగునాట క్రైస్తవ చరిత్ర రచనలో బాప్తిస్మాల సంఖ్యకు దక్కిన ప్రాధాన్యం ఆరాధనా సమాజానికి దక్కలేదు. 1878 జులై 3న ఒంగోలు మిషన్ ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది విశ్వాస జీవితానికి ఆరంభం. ఆ విశ్వాసం ఎదిగిన తీరు తెలియాలంటే పల్లె సంఘాలను పరిశీలించాలి.

ఇందుకు నల్లగొండ సీమ తగిన నిదర్శనం. భువనగిరి 2016 వరకు ఈ జిల్లాలోనిదే. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ 1889లో భారతదేశం చేరి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన నల్లగొండలో పనిచేశాడు. సంఘాలలో చేరినవారిలో అధికులు చదువుకు దూరమైన మాల, మాదిగ కులస్థులు. బైబిలును స్వయంగా చదవలేనివారికి వాక్యం వినికిడి ద్వారానే అందింది. ఒకరు చదవగా పలువురు విన్నారు. కీర్తనలను కలిసి పాడి కంఠస్థం చేశారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు దేశీయ రాగతాళాలలో కూర్చిన కీర్తనలు ఇందుకు తోడ్పడ్డాయి. ఈ విధంగా సామూహిక ఆరాధనే వారికి పాఠశాల అయింది.

అయినా మాల, మాదిగల మధ్య ఎడం సంఘాలలోనూ పూర్తిగా తొలగలేదు. కనుక ఒకే కీర్తన పాడినవారు ఒకే పంక్తిలో కూర్చోగలిగారా అన్న ప్రశ్నను విడిచి ఈ సీమలోని విశ్వాస వికాసాన్ని అంచనా వేయడం అసమగ్రమే అవుతుంది.