బళ్ళారి సీమలో సుగంధతైలముల సంప్రదాయము

బళ్ళారి నగరమున కంటోన్మెంటు అను పేరు నేటికిని నిలిచియున్నది. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన పిమ్మట ఇచ్చట సైనికుల దండు వెలసెను. వేసవి ఎండలు మిక్కుటమైన సీమలలో దండు బంగళాల ద్వారములకు వట్టివేళ్ళ తడికలు కట్టించి, వానిపై నీరు చల్లించుట ఆంగ్లేయులకు అలవాటయ్యెను. ఇది వారు కనిపెట్టినది కాదు. ఈ దేశస్థులనుండి నేర్చినది. నీరు ఆవిరియగునపుడు గాలి చల్లబడును. వేరులోని తైలాంశము ఆ గాలితో కలసి పరిమళించును. తైలమును వేరునుండి విడదీయకయే దాని గుణమును అనుభవించుట ఇందలి విశేషము.

సుగంధతైలము అను మాటకు నేడు రెండర్థములు కలవు. పుష్పమును, వేరును, చెక్కను నీటితో కాచి, ఆవిరిని చల్లార్చి దించెడి స్వచ్ఛతైలము ఒకటి. నువ్వులనూనెకు పూల వాసన పట్టించినది, లేక ఓషధులతో కాచినది రెండవది. మొదటిది అతితీక్ష్ణము, రెండవది సౌమ్యము. పూర్వగ్రంథములలోని తైలమును మొదటి దానిగా భావించుటవలన నేడు అనేక భ్రమలు కలుగుచున్నవి.

ఈ సీమను ఏలిన కల్యాణి చాళుక్యుల కాలమున గంధశాస్త్రము రాజాస్థానములలో ఆదరము పొందెను. 1025 ప్రాంతమున చావుండరాయడు కన్నడమున రచించిన లోకోపకారములో వ్యవసాయము, వైద్యము, పాకములతో పాటు సుగంధద్రవ్యముల తయారీయు చెప్పబడినది. పండ్రెండవ శతాబ్దిలో మూడవ సోమేశ్వరుని మానసోల్లాసము స్నానమును, విలేపనమును, ధూపమును రాజభోగములుగా వర్ణించినది. అచ్చట అభ్యంగనమునకు మూలము నువ్వులనూనెయే. పూలు దానికి పరిమళమును మాత్రమే ఇచ్చెను.

విజయనగర కాలమునను ఈ రీతియే కనబడుచున్నది. 2021 నుండి విజయనగర జిల్లాలో చేరిన హంపి అంతకుముందు బళ్ళారి జిల్లాలోనిదే. 1443లో అచ్చటికి వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు, గులాబీల విక్రయము ఎల్లెడల సాగుటను, అవి పురజనులకు అన్నమువలె అవసరమగుటను చూచి ఆశ్చర్యపడెను. 1520 ప్రాంతమున పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్, శ్రీకృష్ణదేవరాయలు ప్రతిదినము తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల అదే నూనె పట్టించుకొని, వ్యాయామము చేయుటను వ్రాసియుంచెను. పూలు తావికి, నూనె దేహపుష్టికి అన్నట్లుండెను ఆనాటి వాడుక.

తెలుగు గృహములలో ఈ వివేకము ఆచారరూపమున నిలిచినది. గంధపుచెక్కను సానపై నీటితో అరగదీసి నుదుటను, కంఠమునను అలదుదురు. తలంటి పోసిన పిమ్మట బాలెంతకును, శిశువునకును సాంబ్రాణి ధూపము వేయుదురు. మరువమును, దవనమును పూలదండలలో కూర్తురు. బట్టల పెట్టెలలో వట్టివేళ్ళు ఉంచుదురు. పచ్చకర్పూరమును తీర్థములోను, మధురపదార్థములలోను ఆవగింజంతయే వేయుదురు. వీనిలో ఏ ఒక్కదానియందును తీక్ష్ణతైలము నేరుగా చర్మమును తాకదు. నీరో, నూనెయో, పొగయో నడుమ నుండి తీవ్రతను తగ్గించును.

ఇరువదవ శతాబ్దిలో ఈ స్థితి మారెను. అంతవరకు మైసూరు గంధపుచెక్క ఐరోపాకు, ముఖ్యముగా జర్మనీకి పోయి, అచ్చట తైలమగుచుండెను. 1914లో ప్రపంచయుద్ధము ఆ మార్గమును మూసివేసెను. అందుచే 1916లో మైసూరు సంస్థానము స్వయముగా తైలము తీయు కర్మాగారమును నెలకొల్పెను. సిట్రొనెల్లా గడ్డినుండి తీసిన తైలము దోమలను తరుముటకై భారత సైన్యమున వాడుకకు వచ్చెను. 1937లో ఫ్రెంచి రసాయనవేత్త గాట్‌ఫోసే తన గ్రంథమునకు అరోమాథెరపీ అని పేరిడెను. ఆ పేరు క్రొత్తది. దాని వెనుకనున్న స్వచ్ఛతైల ప్రయోగమును ఈ సీమ పూర్వాచారముతో ఏకము చేయుట చరిత్రకు సరిపడదు.

ఈ భేదము పండితచర్చకు మాత్రమే సంబంధించినది కాదు. పూర్వులు వాడిరను నమ్మకముతో కర్పూరతైలమును పసిబిడ్డలకు త్రాగించినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. నేడు హారతికి అమ్మెడి కర్పూరము చాలవరకు రసాయనశాలలలో తయారైనది; అది తినదగిన పచ్చకర్పూరము కాదు. గంధపుచెట్టు విషయమున మరియొక నష్టము కలదు. సానపై అరగదీయు చెక్క ఒక కుటుంబమునకు ఏండ్ల తరబడి వచ్చును. తైలము దించుటకు చేవ నిండిన చెట్లే వేళ్ళతో సహా తీయవలసియుండును. ఆ చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను. అడవులలో గంధపుచెట్టు తరిగిపోయి, అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘపు పట్టికలో ముప్పునకు లోనైన జాతుల వరుసలో చేరినది.

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కిన బళ్ళారి జిల్లా మైసూరునకును చేరినవి. సరిహద్దు నేలను విభజించెను గాని ధూపమును విభజింపలేదు. మరువమునకు, దవనమునకు, శ్రీగంధమునకు తెలుగులోను, కన్నడములోను ఉన్న పేర్లు చుట్టములవలె పోలియున్నవి. ఏ ద్రవ్యము, ఏ ఋతువున, ఎంత మాత్రము, ఏ అనుపానముతో అను వివరము ఇంటి పెద్దల నోటనే మిగిలియున్నది. సీసాలోని తైలము అంగడిలో దొరకును. ఆ మాత్రాజ్ఞానము దొరకదు. ఉభయభాషలవారు కలసి దానిని వ్రాసియుంచుట బళ్ళారి తెలుగువారు ముందు తరములకు చేయదగిన సేవ.