పోవుట, వెళ్ళుట

విశాఖపట్టణపు రేవున నిలిచి "ఓడ వెళ్ళినది" అన్నచో వినువారు సముద్రమువంక చూతురు. "ఓడ పోయినది" అన్నచో ఓడ యజమానుని ముఖమువంక చూతురు. మొదటిది ప్రయాణము, రెండవది నష్టమును కావచ్చును. ఇంగ్లీషు 'గో' అను క్రియకు "పోవు" అని యొక్క అర్థమునే వల్లించిన పిల్లవాని కీ భేద మెట్లు తెలియును? మన యిండ్లలో గుమ్మము దాటువారు "పోవుచున్నాను" అనరు; "వెళ్ళివచ్చెదను" అందురు.

ఆ 'గో' యైనను సామాన్యమైనది కాదు. గడియారము నడచుటకును, పాలు విరుగుటకును, దీపమారుటకును ఇంగ్లీషువారు దానినే వాడుదురు. వాన రానున్నదనుటకును అదియే. మనమును "వాన పడబోవుచున్నది" అని పోవుటనే తెచ్చుచున్నాము గదా! ఇంకొక వింత: దాని భూతరూపమగు 'వెంట్' నిజమునకు 'వెండ్' అను వేఱొక క్రియది. 'గో'కు పూర్వము వేఱు భూతరూప ముండెను. అది వాడుకనుండి జారిపోగా, దానినే వ్రాయుమని యే దొరయు బాలురను నిర్బంధింపడు. మన పిల్లవాడు మాత్రము "పోతున్నాడు" అని వ్రాసిన తప్పు. "పోవుచున్నాడు" అని దిద్దుకొనవలసి వచ్చెడిది.

1907 ప్రాంతమున ఉత్తర జిల్లాల పాఠశాలలకు పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర, ప్రజల నోటి మాటకును పుస్తకపు మాటకును ఇంత యెడ మేల యని విశాఖపట్టణమున మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకులగు పి.టి. శ్రీనివాసయ్యంగారి నడిగెను. ఆయన గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గార్ల పేరులు చెప్పెను. పరాయివాడు భాష నేర్వబూని వేసిన యీ చిన్న ప్రశ్న మన పండితుల కేల తోపలేదో! అయ్యంగారు 1909లో దేశభాషల చావు బ్రతుకులను గూర్చి ఇంగ్లీషున పుస్తకము వ్రాసిరి. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్రమునుగూర్చిన విజ్ఞాపనమును, 1914లో అప్పారావుగారు తమ అసమ్మతిపత్రమును వెలువరించిరి.

అప్పారావుగారు 1915లో పోయిరి. ఇచ్చట "వెళ్ళిరి" అని పెట్టిన నెవ్వరికిని అర్థము కాదు. రామమూర్తిగారు 1919లో 'తెలుగు' అను పత్రికను స్థాపించి, 1940లో మరణించువఱకును వాదము విడువలేదు. నేటి బడిపిల్లలు "పోతున్నాడు" అని నిర్భయముగా వ్రాయుచున్నారు. ఈ సంగతిని మేము "చున్నారు"లతో చెప్పుట చూచి చదువరులు నవ్వినను మాకు కోపము లేదు.