చెవుడు

చెవి నుంచి పుట్టిన మాట చెవుడు. తమిళ సెవిడు, కన్నడ కివుడు దీనికి తోబుట్టువులే. సంస్కృతం నుంచి బధిరత్వం వచ్చి కాగితాల్లో కూర్చుంది. ఇంట్లో మాత్రం చెవుడే, అదీ తరచూ తిట్టుగా.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తుంది. రెండు చెవుల్లోనూ 70 మేర తగ్గితే బధిరులు, 60 నుంచి 70 అయితే వినికిడి మందగించినవారు. శ్రవణ గ్రహణ సమస్య ఉన్నవాళ్లు చాలాసార్లు ఈ కొలతకు దొరకరు. వాళ్ల వినికిడి పరీక్ష ఫలితం (ఆడియోగ్రామ్) మామూలుగానే ఉంటుంది. శబ్దం చెవిన పడుతుంది. దాన్ని మాటలుగా విడదీసుకోవడంలో మెదడు తడబడుతుంది, రొద ఉంటే మరీను. మిక్సీ తిరుగుతుండగా "తాళం తేవే" అంటే "తాలింపా?" అని అడిగే పిల్లను "చెవుడా నీకు?" అని కసరకండి. మిక్సీ ఆపి, ఎదురుగా నిలబడి, మళ్లీ చెప్పండి.