శిశు ఆహారంలో లోహ కలుషితాలు

ఉగ్గు, జావ, డబ్బా ఆహారాల్లో అతి స్వల్పంగా కనిపించే సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్‌లను ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఆర్సెనిక్ నిజానికి అర్ధలోహమే అయినా వీటితో కలిపే చెబుతారు. పల్నాడులో నీటి కాలుష్యం అనగానే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. అది లోహం కాదు. అయితే నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడూ పోదు, లోహాలూ పోవు.

మింగిన సీసం పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పసిపిల్లల ఒంటికి పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువైన బిడ్డకు ముప్పు ఇంకా ఎక్కువ. సీసానికి గతంలో ఉన్న వారపు పరిమితి సురక్షితం కాదని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ వారి రక్తంలో సీసం, నికెల్ గుర్తించింది. తర్వాతి పరిశీలనలు పురుగుమందుల వైపు చూపాయి. బిడ్డ తిండిలోని సీసం మాత్రం అలా ఒక్కసారిగా బయటపడదు, మెదడు ఎదుగుదలను మెల్లగా దెబ్బతీస్తుంది.

తెలుగు ఇళ్లలో ముందు చూడాల్సింది బియ్యం. నీరు నిలిచిన మడిలో ఆక్సిజన్ కొరవడి మట్టిలోని ఆర్సెనిక్ కరుగుతుంది, వరి వేళ్లు దాన్ని పీల్చుకుంటాయి. తవుడు పొరలో అది ఎక్కువగా చేరుతుంది. అందుకే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పాలిష్ బియ్యానికి కిలోకు 0.2 మిల్లీగ్రాములు, ముడిబియ్యానికి 0.35 పరిమితి పెట్టింది. శిశువుల బియ్యపు ఆహారానికి అమెరికా 2020లో పెట్టిన హద్దు 0.1 మాత్రమే. ఎసరు ఎక్కువ పోసి గంజి వారిస్తే ఆర్సెనిక్ దాదాపు సగం తగ్గుతుంది, కొన్ని విటమిన్లూ పోతాయి. వార్చిన గంజినే బిడ్డకు పడితే ఆ లాభం ఉండదు. ఉగ్గుకైతే వార్చడమే ఉండదు.

పసుపుది వేరే కథ. కొమ్ములకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ రంగు పూసే మోసం దక్షిణాసియాలో బయటపడింది. రంగు కొమ్ము మీదే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఆడించుకున్నా ప్రయోజనం లేదు. బంగ్లాదేశ్ తనిఖీలు, జరిమానాలతో 2019–2021 మధ్య దీన్ని దాదాపు అరికట్టింది. ఇత్తడి గిన్నెలకు పూసే కళాయిలో సీసం కలిసినా, తుక్కుతో పోతపోసిన అల్యూమినియం గిన్నెలో పులుపు వండినా అదే ముప్పు.

డబ్బా ఆహారాలపై 2021 ఫిబ్రవరిలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం నివేదిక కలకలం రేపింది. 2025 జనవరిలో ఆ దేశం శిశువుల పొడి ధాన్యాహారాల్లో సీసానికి కిలోకు 20 మైక్రోగ్రాముల స్థాయి సూచించింది. భారత్‌లో ఈ హద్దులు నిర్ణయించేది ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. ఆ తర్వాత ఒకే గింజ మీద ఆధారపడకపోవడమే తల్లుల చేతిలో ఉన్న ఉపాయం. అంగన్‌వాడీలు 7 నెలల నుంచి మూడేళ్ల పిల్లలకిచ్చే బాలామృతంలో ప్రధాన ధాన్యం గోధుమ. దాన్ని, రాగిజావను, పెసరపప్పు ఉగ్గును మార్చి మార్చి పెడితే ఏ ఒక్క గింజలోని కలుషితమూ రోజూ పోగుపడదు. గుడ్డు, ఆకుకూరల నుంచి ఇనుము అందితే పేగులు సీసాన్ని తక్కువగా పీల్చుకుంటాయి.